రెండేళ్లన్న హనన్యా, డెబ్బై ఏళ్లన్న యిర్మీయా: ప్రవక్తలు మనకి దేనికి?

కృష్ణలంక_తమ్ముడు (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. ఇంట్లో ఎత్తితే గొడవవుతుందని ఇక్కడ అడుగుతున్నాను.

మా అన్నయ్య మూడేళ్ల కిందట ఒక ఉపవాస కూడికకి వెళ్లాడు. వాక్యం చెప్పడానికి వచ్చినాయన అన్నయ్య తలమీద చెయ్యి పెట్టి, "రెండేళ్లలో ప్రభువు నిన్ను సముద్రం దాటిస్తున్నాడు, ఇక్కడ దొరికినదాంతో సరిపెట్టుకోకు" అని ప్రవచనం చెప్పాడు. ఆ నెలలోనే అన్నయ్యకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ, కానీ పర్మనెంటు. వద్దనేశాడు. రెండేళ్లు గడిచాయి, మూడోదీ అయిపోవస్తోంది. వీసా రెండుసార్లు రిజెక్ట్ అయింది. మళ్లీ వెళ్లి అడిగితే "నీ విశ్వాసంలోనే లోపం ఉంది" అన్నారట. ఆ రోజునుంచి అన్నయ్య బైబిలు తెరవలేదు. ఆదివారం మమ్మల్ని బండిమీద ఆరాధనకి దింపి, అయ్యేదాకా బయట టీకొట్టు దగ్గర కూర్చుంటాడు.

అమ్మేమో హాల్లో గోడమీదున్న వాగ్దానం కార్డు తీయనివ్వదు. కొత్త ఏడాదికి దేవుని వాగ్దానమని ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అన్నయ్య చేతికి వచ్చిన వచనం కార్డు అది. దానిమీద యిర్మీయా 29:11, మీ గురించి నా ఆలోచనలు మేలైనవే అని దేవుడనే వచనం.

ప్రవక్త అంటే రేపు జరగబోయేది ముందుగా చెప్పేవాడేనా? అయితే మా అన్నయ్యకి చెప్పినాయన ఎవరు? కాదంటే యెషయా, యిర్మీయా, ఆమోసు ఇంతమంది మన బైబిల్లో ఎందుకున్నారు? యేసు వచ్చాక వాళ్ల పని అయిపోయినట్టేనా? దయచేసి "విశ్వాసం పెంచుకోండి" అని మాత్రం చెప్పకండి. అది విని విని ఉన్నాం.

సండేస్కూల్_టీచర్ (ఆదివారం, రాత్రి 9:40)

తమ్ముడూ, చదువుతుంటే బాధేసింది. మీ అన్నయ్య కోసం ప్రార్థన చేస్తాను.

నాకు తెలిసింది చెప్తాను. ప్రవక్తలు క్రీస్తు కోసం దారి వేసినవాళ్లు. బేత్లెహేము అని మీకా చెప్పాడు, గాడిదనెక్కి వచ్చే రాజు అని జెకర్యా చెప్పాడు, వధకు తేబడిన గొర్రెపిల్ల అని యెషయా 53 చెప్పింది. ప్రతి క్రిస్మస్‌కీ మా పిల్లలు స్టేజీ ఎక్కి "ఏలయనగా మనకు శిశువు పుట్టెను" అని యెషయా 9:6 అప్పజెబుతారు. అయిదేళ్ల పాప "సమాధానకర్తయగు అధిపతి" దగ్గర ఊపిరి అందక ఆగుతుంది, సభంతా కలిసి అందిస్తుంది. ప్రవక్తలు లేకపోతే మనకి క్రిస్మస్ కథే సగం ఉండదు. ముందుగా చెప్పడం ప్రవక్త పని కాదని నేను అనలేను.

పాత_పంతులు (ఆదివారం, రాత్రి 11:05)

బాబూ, నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని, మా సంఘంలో పెద్దని. నిద్ర పట్టక నీ ప్రశ్న మూడుసార్లు చదివాను.

ముందు మాట సంగతి. మనవాళ్లు ఎంచుకున్న మాట "ప్రవక్త". దాన్లో భవిష్యత్తు అనే అర్థం ఎక్కడా లేదు. గట్టిగా, ఎదుట నిలబడి పలికేవాడు ప్రవక్త. రేపటిది చెప్పేవాడని అనదలుచుకుంటే భవిష్యవక్త అనేవాళ్లు. మన భాషలోనే భాగవతం మీద, భారతం మీద విడమరిచి చెప్తే దాన్నీ ప్రవచనం అనే అంటాం. సమూయేలు మొదటి గ్రంథం 9:9లో, ఇప్పుడు ప్రవక్త అంటున్నవాణ్ని పూర్వం దీర్ఘదర్శి అనేవారని రాసి ఉంటుంది. తప్పిపోయిన గాడిదలు ఎక్కడున్నాయో అడగడానికి సౌలు వెళ్లింది అలాంటి దీర్ఘదర్శి దగ్గరికే. ఇశ్రాయేలులోనూ జనం మొదట గాడిదల కోసమే వెళ్లారు. తర్వాత వచ్చిన ప్రవక్తలు వాళ్లని అక్కడ ఆగనివ్వలేదు.

ఇక నీ కార్డు. యిర్మీయా 29 చదివే ముందు 28 చదువు. ఒక్క అధ్యాయం, పదిహేడు వచనాలు. క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి యువరాజు వయసున్న యెకొన్యా రాజుని, అధికారుల్ని, కంసాలుల్ని, మందిరపు పాత్రల్ని పట్టుకుపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్లకి, అయిదో నెలలో, మందిరంలో యాజకులూ జనమూ చూస్తుండగా గిబియోనువాడు హనన్యా లేచి "రెండు సంవత్సరాలలోగా" పాత్రలూ తిరిగొస్తాయి, రాజూ తిరిగొస్తాడు అన్నాడు. నీ అన్నకి చెప్పిన లెక్కే. ఆయనా దేవుని పేరుతోనే మొదలుపెట్టాడు, "యెహోవా సెలవిచ్చుచున్నాడు" అని.

అప్పుడు యిర్మీయా మెడమీద చెక్క కాడి ఉంది. మనం ఎద్దుల మెడమీద వేస్తామే, అలాంటిది. బబులోనుకి లొంగి ఉండక తప్పదని చెప్పడానికి దాన్ని వేసుకుని తిరుగుతున్నాడు. హనన్యా మాట విని ఆయన మొదట అన్నది "ఆమెన్, యెహోవా అలాగే చేయును గాక" అని. నాకు ఆ ఆమెన్ దగ్గర ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. ఆయనకీ జనం తిరిగి రావాలనే ఉంది. తనకి తెలిసినది తప్పయితే బాగుండునని ఉంది. హనన్యా ఆ కాడిని లాగి విరగ్గొట్టాడు. యిర్మీయా ఎదురు చెప్పలేదు, శాపాలు పెట్టలేదు, తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత దేవుని మాట వచ్చాకే తిరిగి వచ్చి, నువ్వు విరిచింది కొయ్య కాడి, దానికి బదులు ఇనుప కాడి వస్తోంది అన్నాడు. నువ్వు ఈ జనాన్ని అబద్ధం నమ్మేలా చేశావన్నాడు. రెండేళ్లన్నవాడు ఏడో నెలలో, అంటే రెండు నెలలకే చనిపోయాడు.

ఒకటి గమనించు. ఆ అధ్యాయంలో హీబ్రూ మూలం హనన్యాని అబద్ధ ప్రవక్త అనదు, "ప్రవక్తయైన హనన్యా" అనే అంటుంది. గ్రీకులోకి అనువదించినవాళ్లు అబద్ధ ప్రవక్త అని మార్చుకున్నారు. నాకు హీబ్రూ పద్ధతే నిజాయితీగా కనిపిస్తుంది. ఆ రోజు మందిరంలో నిలబడ్డ జనానికి కనిపించింది ఇద్దరు ప్రవక్తలే. అందులో తీపి మాట చెప్పినాయన్ని నమ్మినందుకు మీ అన్నని ఎవరూ తప్పు పట్టకూడదు.

కృష్ణలంక_తమ్ముడు (ఆదివారం, రాత్రి 11:31)

మాస్టారూ, నేను పుట్టినప్పట్నుంచీ చర్చికి వెళ్తున్నాను. 28వ అధ్యాయం మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు. ఇప్పుడే చదివాను. పడుకోలేకపోతున్నాను.

ప్రార్థన_గది (సోమవారం, ఉదయం 6:20)

ప్రైజ్ ద లార్డ్. నేను పెంతెకొస్తు సంఘంలో ఉన్నదాన్ని. మాస్టారుగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఒక తప్పుడు ప్రవచనం చూపించి ప్రవచన వరాన్నే కొట్టిపారేస్తారేమోనని భయంగా ఉంది. యోవేలు ప్రవక్త చెప్పలేదా, మీ కుమారులూ కుమార్తెలూ ప్రవచిస్తారని? పెంతెకొస్తు రోజున పేతురు లేచి ఇది అదే అన్నాడు కదా. ఫిలిప్పుకి నలుగురు కూతుళ్లు, నలుగురూ ప్రవచించేవాళ్లే. "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అని థెస్సలొనీకయులకి పౌలే రాశాడు.

నా జీవితంలో జరిగింది చెప్తాను. మా ఆయన పోయిన ఏడాది, పిల్లలిద్దర్నీ బడి మానిపించి పనికి పంపుదామని నేను లోపల నిర్ణయించేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. వాళ్ల పుస్తకాలు పాత చీరముక్కలో మూటగట్టి తలుపు వెనక పెట్టాను, పాత పేపర్లతోపాటు అమ్మేద్దామని. మర్నాడు ప్రార్థనలో చదువు రాని ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, ఆ పుస్తకాల మూట విప్పేయమంటున్నాడు ప్రభువు" అంది. ఆవిడ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. నా చిన్నకూతురు ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం.

దీన్ని నేను ఎలా కాదనుకోను?

వేదాంత_విద్యార్థి (సోమవారం, ఉదయం 8:45)

కాదనుకోవద్దు అక్కా. మీ సాక్ష్యాన్ని ఎవరూ తీసేయలేరు. నేను వేదాంత కళాశాలలో రెండో ఏడు చదువుతున్నాను, నాకు తెలిసినంతలో ఒక మాట కలుపుతాను.

మీరు చెప్పిన వచనం తర్వాతిది కూడా చదవాలి. నిర్లక్ష్యం చేయొద్దన్న వెంటనే పౌలు "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అంటాడు. కొరింథీయులకి రాసినప్పుడు ఇద్దరు ముగ్గురు ప్రవచించాలి, మిగతావాళ్లు వివేచింపవలెను అన్నాడు. అంటే ప్రవచనం సంఘం మధ్యలో, నలుగురూ తూచి చూసే మాట. చెప్పి కారెక్కి వెళ్లిపోయే మాట కాదు.

మొదటి తరాల క్రైస్తవులకీ ఇదే తలనొప్పి ఉంది. డిడాకే అని చాలా పాత గ్రంథం ఒకటుంది, సంఘాలు ఎలా నడుచుకోవాలో చెప్పే చిన్న పుస్తకం. శతాబ్దాలపాటు కనిపించకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత రాతప్రతిలో బయటపడింది. ఊరూరా తిరుగుతూ వచ్చేవాళ్ల గురించి అది స్పష్టంగా చెప్తుంది. ఒక రోజు, అవసరమైతే రెండో రోజు ఉండొచ్చు, మూడు రోజులు తిష్ఠ వేస్తే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు రొట్టె తీసుకోవచ్చు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో నాకు డబ్బివ్వండి అంటే వినొద్దు, పేదవాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పు పట్టొద్దు. ఇంత పాత కాలంలో ఇంత నేలమీద ఉన్న మాట ఉందని తెలిసిన రోజు నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

ఇంకోటి, ద్వితీయోపదేశకాండము 18లో చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదని ఉంది. కానీ 13వ అధ్యాయం చూడండి. సూచక క్రియ చెప్పినట్టే జరిగినా, ఆ మనిషి నిన్ను వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినొద్దంటుంది. చెప్పింది జరగడం ఒక్కటే గుర్తు కాదు. అటు యోనా చెప్పింది జరగలేదు. నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు, ఊరు పశ్చాత్తాపపడింది, ఊరు మిగిలింది. మీకా సీయోను, అంటే యెరూషలేము, పొలంలా దున్నబడుతుందన్నాడు. నూరేళ్ల తర్వాత యిర్మీయాని చంపాలని జనం కూడినప్పుడు పెద్దలు లేచి ఆ మాటే గుర్తుచేశారు. హిజ్కియా రాజు మీకా మాట విని దేవుణ్ని వేడుకున్నాడు, ఆ కీడు తప్పింది అని చెప్పి యిర్మీయా ప్రాణం కాపాడారు. యిర్మీయా 26లో ఉంది. చెప్పిన కీడు రాకుండా పోయిందని వాళ్లు మీకాని అబద్ధికుడు అనలేదు. ఆయన మాట పని చేసిందన్నారు.

మిర్చి_రైతు_బిడ్డ (సోమవారం, మధ్యాహ్నం 1:10)

నేను సూటిగా అడుగుతా. వీసా వస్తుందా, పెళ్లవుతుందా, కొడుకు పుడతాడా అని చెప్పే ప్రవక్త ఒక్కడైనా ఆమోసు పుస్తకంలో ఉన్నాడా?

ఆమోసు తెకోవ ఊరివాడు, పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. దక్షిణం నుంచి ఉత్తర రాజ్యానికి పోయి, బేతేలులో రాజుగారి గుళ్లో నిలబడి మాట్లాడాడు. అమజ్యా అనే యాజకుడు వచ్చి "పోయి నీ దేశంలో బతుకు" అని వెళ్లగొట్టాడు. రాజు మీద కుట్ర చేస్తున్నాడని నింద వేశాడు. ఆమోసు అన్నదేంటి? తూము చిన్నది చేసి, దొంగత్రాసు పెట్టి, గోధుమల్లో చచ్చు ధాన్యం కలిపి అమ్ముతున్నారన్నాడు. చెప్పుల జోడుకి పేదవాణ్ని కొంటున్నారన్నాడు.

మా నాన్న ధాన్యం తోలిన రోజు నేను పక్కనే ఉన్నా. కాటా మీద బస్తా పెట్టారు, ముల్లు ఆగకముందే ఎత్తేశారు. తేమ ఉందని బస్తాకి ఇంత తరుగు అని రాసుకున్నారు. ఎంత అని నాన్న అడిగితే వినపడనట్టు తర్వాతి బస్తా పెట్టారు. నాన్న వేళ్లమీద లెక్క వేసుకుంటూ ఇంటిదాకా నడిచాడు. ఆ రాత్రి ఆమోసు 8 చదివి, ఇది రెండువేల ఏడు వందల ఏళ్ల కిందటి మాటా అని బిత్తరపోయా. తరుగు గురించి దేవుడు మాట్లాడాడండీ. మన స్టేజీల మీద ఎవరూ మాట్లాడరు. అక్కడ కాటా వేసేవాడు కూడా కానుక వేస్తాడు కాబట్టి.

న్యాయం నీళ్లలా పారాలన్న ఆమోసు మాటని 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ లక్షలమంది ముందు ఎత్తిచెప్పాడు. నాకు ప్రవచనం అంటే అదీ.

ప్రార్థన_గది (సోమవారం, మధ్యాహ్నం 2:02)

బాబూ, నీ కోపం నాకు అర్థమైంది. మీ నాన్నగారు వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ నడిచింది కళ్లకి కట్టింది. కానీ రెండూ ఎందుకు విడదీస్తావు? అపొస్తలుల కార్యములు 11లో అగబు అనే ప్రవక్త కరువు వస్తుందని ఆత్మచేత చెప్పాడు. జరగబోయేదే చెప్పాడు. విన్న అంతియొకయ సంఘం ఏం చేసింది? ఎవరికి చేతనైనంత వాళ్లు వేసుకుని యూదయలోని సహోదరులకి పంపింది. ముందుగా తెలిసింది పేదవాడి కూటి కోసం. ప్రవచనం వింటే మన చెయ్యి జేబులోకి పోవాలి, ఎదుటివాడి జేబులోకి కాదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

గోదావరి_గట్టు (సోమవారం, సాయంత్రం 5:48)

నేను క్రైస్తవుణ్ని కాదు. మా స్నేహితుడు పంపితే చదువుతున్నాను. మాస్టారుగారు "ప్రవచనం" గురించి చెప్పింది నాకు చాలా నచ్చింది. మా తాతగారితో గుళ్లో ప్రవచనాలు వింటూ పెరిగినవాణ్ని. అక్కడ పాత కథనే కొత్తగా మన బతుకుకి తగిలేలా చెప్తారు.

మర్యాదగా ఒక సందేహం. పైన టీచర్‌గారు యెషయా అంతా క్రీస్తు గురించే అన్నట్టు రాశారు. ఆ పుస్తకం యూదులది కదా. యెషయా తన కాలంవాళ్లకి ఏమీ చెప్పకుండా ఏడు వందల ఏళ్ల తర్వాతి సంగతి చెప్తే, విన్నవాళ్లకి ఏం ఉపయోగం?

వేదాంత_విద్యార్థి (సోమవారం, రాత్రి 8:15)

ఇది చాలా మంచి ప్రశ్న సార్, మా క్లాసులో వారం రోజులు కొట్లాడుకున్న ప్రశ్న.

యెషయా 7 తీసుకుందాం. యూదా రాజు ఆహాజు మీదికి సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి వచ్చారు. క్రీస్తు పూర్వం 735 ప్రాంతం. రాజు గుండె గాలికి అడవి చెట్లు కదిలినట్టు కదిలిందని రాసి ఉంది. ఆయన చాకిరేవు పొలం దారిలో, కొలను కాలువ దగ్గర ఉండగా యెషయా తన కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లి, భయపడకు అంటాడు. ఒక బిడ్డ పుడతాడు, ఇమ్మానుయేలు అని పేరు పెడతారు, ఆ బిడ్డకి మంచీచెడూ తెలిసేలోగానే నువ్వు భయపడే ఆ ఇద్దరు రాజుల దేశాలు పాడైపోతాయి. ఇది ఆహాజుకి ఆ రోజు పనికొచ్చే మాట. అష్షూరు రాజుని శరణు కోరకుండా దేవుణ్ని నమ్ముకో అని. ఆయన నమ్మలేదు.

అక్కడ హీబ్రూలో ఉన్న మాట "అల్మా", పెళ్లీడు అమ్మాయి అని. యేసు పుట్టకముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో "పార్థెనోస్", కన్య అని వచ్చింది. సువార్త రాసిన మత్తయి ఆ గ్రీకు మాటని పట్టుకున్నాడు. యూదులు ఇప్పటికీ ఆ వచనాన్ని మనలా చదవరు. వాళ్ల చదువుకి వాళ్ల కారణాలున్నాయి, దాన్ని మూర్ఖత్వం అనడం తప్పు.

నేను నమ్మేది ఇది. మత్తయి ఆ మాటలోంచి ఆహాజుని తీసేయలేదు. భయంతో వణికే రాజుకి "దేవుడు మనతో ఉన్నాడు" అన్న దేవుడే, ఆ మాటని యేసులో పూర్తిగా నెరవేర్చాడని అన్నాడు. మొదటి అర్థం పునాది, దానిమీదే గోడ లేచింది. సరిగ్గా మీ ప్రశ్నే అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా 53 చదువుతూ ఫిలిప్పుని అడిగాడు, ప్రవక్త ఎవరి గురించి చెప్తున్నాడు, తన గురించా వేరొకరి గురించా అని. ఫిలిప్పు "అలా అడక్కూడదు" అనలేదు. పక్కనే కూర్చుని, ఆ లేఖనంతోనే మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు.

ఆ పుస్తకం రాతప్రతి గురించి ఒక మాట. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా మొత్తం 66 అధ్యాయాల చుట్ట ఉంది, ఏడు మీటర్ల పైన పొడవు. యేసు కంటే ముందు రాసింది. కాబట్టి క్రైస్తవులు తర్వాత కూర్చుని 53వ అధ్యాయం చేర్చారని ఎవరూ అనలేరు.

సండేస్కూల్_టీచర్ (సోమవారం, రాత్రి 8:50)

చాకిరేవు పొలం దారి! ఇన్నేళ్లు ఆ అధ్యాయంలో 14వ వచనం ఒక్కటే బట్టీ పట్టించాను. ఈ డిసెంబరులో పిల్లలకి రాజు గుండె కదిలిన సంగతి కూడా చెప్తాను.

దివ్యబలి_పాఠకురాలు (సోమవారం, రాత్రి 9:30)

మా కథోలిక సంఘంలో ఆదివారం మొదటి పఠనం ఎక్కువసార్లు పాత నిబంధన నుంచే వస్తుంది. అది చదివే పని నాది. యేసు వచ్చాక ప్రవక్తల పని అయిపోయిందా అన్న తమ్ముడి ప్రశ్నకి మా ఆచారంలో ఒక జవాబు ఉంది. జ్ఞానస్నానంలో బిడ్డ తలమీద తైలం రాస్తూ, క్రీస్తు యాజకుడు, ప్రవక్త, రాజు అయినట్టే నువ్వూ ఆయన శరీరంలో భాగమై ఉండాలని గురువు చెప్తారు. నెలల బిడ్డకి కూడా ప్రవక్త అన్న మాట అంటుకుంటుంది. అంటే నా ఎదుట అన్యాయం జరుగుతుంటే నోరు తెరవాల్సింది నేనే. ఎక్కడో స్టేజీ మీద వెతకక్కర్లేదు.

హుల్దా అనే ప్రవక్త్రి గురించి ఎవరూ రాయలేదేం? యోషీయా రాజు కాలంలో మందిరం బాగుచేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. అప్పటికే యిర్మీయా ప్రవచిస్తున్నాడు. అయినా ప్రధాన యాజకుడు, రాజుగారి లేఖకుడు కలిసి వెళ్లింది రాజవస్త్రాలు చూసుకునే షల్లూము భార్య హుల్దా ఇంటికి. ఇది దేవుని మాటేనని తేల్చింది ఒక స్త్రీ.

రూతు_కువైట్ (మంగళవారం, రాత్రి 1:17)

డ్యూటీ దిగి వచ్చాను, అందుకే ఈ వేళప్పుడు. తమ్ముడూ, నువ్వన్న ఆ సముద్రం నేను దాటాను. పదకొండేళ్లు అయింది. అందుకే నీ కార్డు గురించి చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

నేను వచ్చిన మొదటి ఏడాది రూములో పెట్టె పూర్తిగా విప్పలేదు. రెండేళ్లు చేసి వెళ్లిపోదాం అనుకున్నాను. మంచం కింద పెట్టెలోంచే బట్టలు తీసుకుని మళ్లీ దాన్లోనే పెట్టేదాన్ని. ఒక కర్టెన్ కొనుక్కోలేదు, ఒక చిన్న మొక్క పెట్టుకోలేదు. ఆ రోజుల్లో మా శుక్రవారం కూడికలో ఒక పెద్దాయన యిర్మీయా 29 మొదటినుంచి చదివించారు. అప్పటిదాకా నాకు అది ఉత్తరం అని తెలియదు! యెరూషలేము నుంచి బబులోనులో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరు రాజుగారి పని మీద వెళ్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపాడు. మనం ఊరెళ్లేవాళ్లకి పచ్చళ్ల పార్సిలు ఇచ్చి పంపినట్టు.

అందులో ఏముంది? ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసుకుని పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమం. ఆ తర్వాత 8వ వచనంలో, మీ మధ్యనున్న ప్రవక్తల చేతుల్లో మోసపోకండి అని ఉంది. నీ కార్డు మీది వచనానికి మూడు వచనాల పైన! 10లో డెబ్బై సంవత్సరాలు. అప్పుడు గానీ 11 రాదు.

ఆ లెక్క వేసుకుని ఏడ్చాను. ముప్ఫై ఏళ్ల వయసులో బబులోను వెళ్లినవాడు డెబ్బై ఏళ్లు ఉంటే తిరిగి రాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది అక్కడే మట్టిలో కలిశారు. వాళ్లకి కూడా దేవుడు మీ గురించి నా ఆలోచనలు మేలైనవే అన్నాడు. ఆ మేలు వాళ్లు నాటిన చెట్ల పండ్లలో ఉంది, మనవళ్లలో ఉంది. పన్నెండు నెలల్లో అయిపోయే వాగ్దానం కాదది.

మర్నాడు పెట్టె ఖాళీ చేసి బీరువాలో సర్దుకున్నాను. పెరుగు డబ్బాలో కొత్తిమీర వేశాను.

పాత_పంతులు (మంగళవారం, ఉదయం 5:50)

రూతమ్మా, నీ కొత్తిమీర డబ్బాకి దండం పెట్టాలనిపించింది.

నువ్వు చెప్పినదానికి ఒక చిన్న సాక్ష్యం. బబులోను శిథిలాల్లో జర్మన్‌వాళ్లు తవ్వినప్పుడు మట్టి పలకలు దొరికాయి, 1939లో అచ్చువేశారు. అవి నూనె ఎవరికెంత కొలిచి ఇచ్చారో రాసుకున్న లెక్కలు. మన రేషన్ డిపో పుస్తకంలా. వాటిలో యూదా రాజు యెకొన్యా పేరు, ఆయన అయిదుగురు కొడుకుల పేరున నూనె లెక్క ఉన్నాయి. రెండేళ్లలో తిరిగొస్తాడని హనన్యా చెప్పిన రాజు ఈయనే. అక్కడే కొలిచిచ్చిన నూనె తెచ్చుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్నాడు.

ప్రవచనానికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదానికి యిర్మీయా 32 చూడండి. యెరూషలేము ముట్టడిలో ఉంది, యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొను అన్నాడు. శత్రువు చేతిలోకి పోతున్న దేశంలో పొలం! యిర్మీయా పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, దస్తావేజులు మట్టికుండలో దాచమని తన లేఖకుడు బారూకుకి ఇచ్చాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని చెప్పడానికి. ఆ మాట కోసం జేబు ఖాళీ అయింది చెప్పినవాడిది. నీ అన్న విషయంలో ఉద్యోగం పోయింది విన్నవాడిది.

ప్రార్థన_గది (మంగళవారం, ఉదయం 7:05)

తమ్ముడూ, రాత్రంతా ఆలోచించాను. మీ అన్నయ్యకి ఆ మాట చెప్పినాయన మీ ఇంటికి వచ్చి "నేను నా సొంత మాట చెప్పాను, క్షమించు" అనాలి. నేను వరాన్ని నమ్ముతాను కాబట్టే ఈ మాట అంటున్నాను. వరం లేదనేవాళ్లకంటే ఉందనే మాకే ఈ బాధ్యత ఎక్కువ. ఆయన రాకపోవచ్చు. ఆయన పక్షాన నేను అడుగుతున్నాను. మీ అన్నయ్యకి చెప్పండి, ఒక పెంతెకొస్తు అక్క క్షమించమని అడిగిందని. విశ్వాసంలో లోపం లేదని కూడా చెప్పండి. విశ్వాసం ఉండబట్టే చేతికొచ్చిన ఉద్యోగం వదులుకున్నాడు పిల్లవాడు.

కృష్ణలంక_తమ్ముడు (గురువారం, రాత్రి 10:20)

రెండు రోజులు రాయలేకపోయాను. అక్కా, మీరు రాసింది అన్నయ్యకి ఫోన్లో చూపించాను. చాలాసేపు స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయాడు. ఏమీ అనలేదు. ఫోన్ తిరిగిచ్చి అన్నం తినడానికి కూర్చున్నాడు.

నిన్న రాత్రి కరెంటు పోతే డాబామీద పడుకున్నాం. అక్కడ టార్చి వెలుగులో నేను 28వ అధ్యాయం పైకి చదివాను. ఆపమనలేదు. ఆమెన్ దగ్గర "మళ్లీ చదువు" అన్నాడు. అయ్యాక అడిగాడు: "సరే, హనన్యా చచ్చిపోయాడు. మరి ఆయన మాట నమ్మి రెండేళ్లకి వస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు ఏమయ్యారు? బైబిలు వాళ్ల గురించి ఏం చెప్పింది?"

నాకు జవాబు తెలియలేదు. రేపు అడిగి చెప్తానన్నాను.

రూతు_కువైట్ (గురువారం, రాత్రి 11:02)

వాళ్ల పేర్లు ఎక్కడా లేవు తమ్ముడూ. కానీ హనన్యా లాంటివాళ్లు బబులోనులోనూ ఉన్నారు, 29లోనే కొందరి పేర్లున్నాయి. అలాంటి మాటలు నమ్మి మూట విప్పకుండా కూర్చున్నవాళ్లకే ఆ ఉత్తరం అనుకుంటాను నేను. "ఇళ్లు కట్టుకోండి" అని చెప్పాల్సి వచ్చింది అంటే కట్టుకోకుండా కూర్చున్నారనే కదా. అందులో వాళ్లని ఎక్కడా తిట్టలేదు. ఎందుకు నమ్మారని అడగలేదు. మొక్కలు నాటమన్నాడు అంతే.

కృష్ణలంక_తమ్ముడు (శుక్రవారం, ఉదయం 6:40)

చెప్పాను. "ఊఁ" అన్నాడు. తర్వాత, "ఆ యిర్మీయా పుస్తకం మొదటినుంచి చదవాలా?" అని అడిగాడు. మాస్టారూ, ఎక్కడ మొదలుపెట్టమని చెప్పను? అమ్మ ఇంకా కార్డు తీయలేదు, నేనూ తీయమనలేదు.

పాత_పంతులు (శుక్రవారం, ఉదయం 7:15)

మొదటినుంచి వద్దు. ఆ పుస్తకం కాలం వరసలో ఉండదు, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి ఉంటాయి, పిల్లవాడు విసిగిపోతాడు. 36తో మొదలుపెట్టమను. చలికాలం, తొమ్మిదో నెల. రాజు యెహోయాకీము ముందు కుంపటి మండుతోంది. యెహూది అనేవాడు చుట్ట విప్పి చదువుతుంటే, మూడు నాలుగు పుటలు అయ్యేసరికి రాజు చాకుతో కోసి నిప్పుల్లో వేస్తాడు, మళ్లీ మూడు నాలుగు, మళ్లీ కోసి వేస్తాడు, చుట్టంతా కాలిపోయేదాకా. అధ్యాయం చివర్లో యిర్మీయా ఇంకో చుట్ట తెప్పించి మొదటినుంచి చెప్తాడు, బారూకు మొదటినుంచి రాస్తాడు.

దాని తర్వాత 38. యిర్మీయాని బురద గోతిలో దించేస్తే, ఎబెద్మెలెకు అనే కూషీయుడు పాత బట్టలూ చింకిపాతలూ తాళ్లతో కిందికి దించి, "వీటిని చంకల్లో పెట్టుకో, తాడు కోసుకోకుండా ఉంటుంది" అంటాడు. అక్కడిదాకా చదివాక నాకు ఫోన్ చేయమను. నంబరు నీకు విడిగా పంపుతాను.